మూసేసిన ఎం-2 పుస్తకం: చదువు టెన్షన్‌కి థెరపీ ఎలా పనిచేస్తుంది?

హైదరాబాద్‌లో ‘కౌన్సెలింగ్’ అంటే ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తొస్తుంది. ఇంజినీరింగ్ సీటు కోసం ర్యాంకు కార్డు పట్టుకుని వెళ్లేది కౌన్సెలింగ్. వెబ్ ఆప్షన్లు రాకముందు ఆ పని మీద మాసబ్‌ట్యాంక్ సాంకేతిక విద్యాభవన్ మెట్లెక్కిన నాన్నలు లెక్కలేనంత మంది. తాగి బండి నడుపుతూ దొరికితే గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టి చేసేదీ కౌన్సెలింగే. అటెండెన్స్ తగ్గిన పిల్లాణ్ణి హెచ్‌ఓడీ తన గదికి పిలిచి, ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన తండ్రి ఎదుటే పావుగంట కడిగేస్తాడు. దాన్ని కూడా రిజిస్టర్లో కౌన్సెలింగ్ అనే రాసుకుంటారు.

అందుకే చదువు ఒత్తిడితో నలిగిపోతున్న కుర్రాడితో ‘ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్లరాదూ’ అంటే, ‘నువ్వేదో తప్పు చేశావు, పద’ అన్నట్టు వినిపిస్తుంది. ఇక ‘సైకాలజిస్ట్’ అన్నామంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి జోకు ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. ఈ రెంటి మధ్యా ఇరుక్కుని, అసలు ఆ గదిలో ఏం జరుగుతుందో తెలియకుండానే నాలుగేళ్ల బీటెక్ ముగించేసేవాళ్లు చాలామంది. తెలుసుకుంటే అంత భయపడాల్సిందేమీ లేదు. నిజానికి కొంచెం బోర్ కొట్టే పని కూడా.

బద్ధకంలా కనిపించే భయం

ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. సూర్యాపేట దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు కేపీహెచ్‌బీలో త్రీ షేరింగ్ హాస్టల్ గది, బీటెక్ సెకండియర్. ఫస్టియర్ లెక్కల పేపర్ ఎం-2 ఉండిపోయింది. రోజూ సాయంత్రం ఆ పుస్తకం తెరుస్తాడు. మొదటి ఇంటెగ్రల్ గుర్తు కనిపించగానే కడుపులో ఏదో దేవినట్టవుతుంది. పుస్తకం మూసి ఫోన్ తీస్తాడు. రెండు నిమిషాల్లో కడుపు సర్దుకుంటుంది.

అసలు చిక్కంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. పుస్తకం మూయగానే దొరికిన ఆ కాస్త ఊరటే మెదడుకి బహుమతి. ఎవరూ నేర్పకుండానే అది ఒక పాఠం నేర్చేసుకుంటుంది: మూస్తే హాయి. మర్నాడు పుస్తకం మూయడానికి ఇంటెగ్రల్ గుర్తు కూడా అక్కర్లేదు, అట్ట చూస్తే చాలు. వారం తిరిగేసరికి ఆ పుస్తకమున్న షెల్ఫు వైపు చూడడం మానేస్తాడు. బయటినుంచి చూసేవాళ్లకు ఇది బద్ధకం. వార్డెన్‌కి ఫోన్ పిచ్చి. ఇంట్లోవాళ్లకు పట్నం గాలి. లోపల నడుస్తున్నది మాత్రం భయం, తప్పించుకోవడం, ఊరట, మళ్లీ భయం. ఈ గానుగ తిరిగినకొద్దీ భయం పెరుగుతుందే తప్ప తరగదు. ఇది తెలియనివాళ్లు ‘ఫోన్ లాక్కుంటే సరి’ అంటారు. ఫోన్ లాక్కుంటే వాడు పడుకుంటాడు. నిద్ర కూడా తప్పించుకోవడానికి మంచి చోటే.

టెన్షన్ మొత్తంగా చెడ్డదని కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఎలుకలకు కరెంటు షాకులిస్తూ ఒక ప్రయోగం చేశారు (పాపం ఎలుకలు). తేలికైన పని నేర్చుకునేటప్పుడు గట్టి షాక్ కూడా పనికొచ్చింది. కష్టమైన పని దగ్గరికొచ్చేసరికి మాత్రం ఓ మోస్తరు షాక్ నేర్పినంత బాగా గట్టి షాక్ నేర్పలేకపోయింది. ఎలుకలను బట్టి మనుషుల మీద తీర్పులు చెప్పకూడదు గానీ, ఇది చదివినప్పుడల్లా నాకు మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు గుర్తొస్తాయి. ఒకే రకం బిట్లను వందసార్లు చేయించడానికి పొద్దున్నుంచి రాత్రిదాకా ఒత్తిడి పెడితే మార్కులు వచ్చి ఉండొచ్చు. అదే ఒత్తిడిని మోసుకుని ఆలోచించి చేయాల్సిన లెక్కల్లోకి వచ్చేసరికి, నిన్నటిదాకా నెట్టిన చెయ్యే గొంతు పట్టుకుంటుంది. ఇది నా అనుమానం, నిరూపించిన సంగతి కాదు.

పరీక్ష హాల్లో ‘అంతా మర్చిపోయా’ అనడం వెనక కూడా లెక్క ఉంది. ఒక సమస్యను చేస్తున్నప్పుడు మధ్య మెట్లను గుర్తుపెట్టుకోవడానికి మెదడులో ఉండే జాగా చాలా తక్కువ. హాస్టల్ గదిలాగే ఇరుకు. ‘ఫెయిలైతే ఎట్లా’ అన్న ఆలోచన వచ్చి అందులో మంచమేసుకుంటే లెక్క బయట నిలబడాలి. చదివింది పోలేదు, రావడానికి చోటు లేదంతే. 2011లో ‘సైన్స్’ పత్రికలో రమిరెజ్, బైలాక్ ప్రచురించిన ప్రయోగంలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించి కాగితం మీద రాసుకున్న విద్యార్థులు మెరుగ్గా రాయగలిగారు. ముఖ్యంగా పరీక్షంటే బాగా భయపడేవాళ్లకు అది ఉపయోగపడింది. ఆ ఇరుకు గదిలోంచి ఒక మంచం తీసి బయట వేసినట్టు.

గదిలో ఏం జరుగుతుంది

మొదటి రోజు ఎక్కువగా ప్రశ్నలే. ఎప్పటినుంచి ఇలా ఉంది, నిద్ర ఎలా పడుతోంది, తిండి సరిగా తింటున్నావా, మందు, గంజాయి, ఇంకేవైనా అలవాట్లున్నాయా, ఇంట్లో పరిస్థితేంటి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని కూడా నేరుగానే అడుగుతారు. ఆ ప్రశ్న విని చాలామంది ఉలిక్కిపడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు మాత్రం చెప్పుకునే దారి దొరుకుతుంది. స్నేహితుల మధ్య కూడా అంతే, అనుమానం వస్తే తిన్నగా అడగడమే మంచిది.

చదువు ఒత్తిడికి ఎక్కువగా వాడే పద్ధతి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ. 1960ల్లో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ దీనికి రూపమిచ్చాడు. వారానికో పక్షానికో ఒకసారి, ముప్పావుగంట నుంచి గంట. మామూలుగా ఆరు నుంచి ఇరవై సిట్టింగుల లోపు. అంటే ఒక సెమిస్టర్‌లో పట్టేంత పని. మన కుర్రాడు రెండోసారి వెళ్లినప్పుడు మాటలు ఇలా ఉండొచ్చు.

‘పుస్తకం తెరవగానే మొదట ఏ మాట వస్తుంది మనసులోకి?’

‘ఇది నాతోని కాదు అని, మేడమ్.’

‘ఆ మాట వచ్చాక?’

‘ఫోన్ తీస్త.’

‘ఎంతసేపు?’

‘అన్నం టైమ్ దాక.’

ఇందులో తిట్టు లేదు, సలహా కూడా లేదు. ఎవరో తనను చూసి జడ్జిమెంట్ ఇవ్వకుండా వింటున్నారన్నది చాలామందికి మొదట ఇబ్బందిగానే ఉంటుంది. హెచ్‌ఓడీ గదికి అలవాటుపడ్డ ప్రాణం కదా.

కొన్ని ప్రశ్నల తర్వాత గొలుసు బయటపడుతుంది. ఎం-2 పోతే డిటెన్షన్. డిటెన్షన్ అయితే ప్లేస్‌మెంట్ లేదు. ప్లేస్‌మెంట్ లేకపోతే బాపు చేసిన అప్పు తీరదు. ఊళ్లో ముఖం చూపించలేను. పుస్తకం ముందు కూర్చున్న ప్రతిసారీ వాడు చేస్తున్నది లెక్క కాదు, ఈ గొలుసు మొత్తాన్ని మోయడం. థెరపిస్ట్ ఒక్కో లంకెనూ పట్టుకుని ‘ఇది నిజమేనా, ఎలా తెలుసు’ అని అడుగుతారు. చూసి రమ్మంటారు. జేఎన్‌టీయూ క్రెడిట్ పద్ధతిలో ఒక్క సబ్జెక్ట్ తప్పినంత మాత్రాన ఏడాది ఆపేయరు, దానికి సప్లీ ఉంటుంది. రెగ్యులేషన్ పుస్తకంలో ఉన్న ఈ విషయం వాడికి తెలియనిది కాదు. తెలిసినా ఆ గొలుసు వేగంలో గుర్తుండదు. కాగితం మీద తన చేత్తో రాసుకుంటే ఉంటుంది.

దీన్ని పాజిటివ్ థింకింగ్‌తో కలిపేయకూడదు. కాలేజీలు ఏడాదికోసారి మోటివేషనల్ స్పీకర్‌ను పిలిపించి, ‘మీరు సాధించగలరు’ అని మూడుసార్లు అరిపించి, ఆయనకు శాలువా కప్పి పంపేస్తాయి. ఆ ఊపు సాయంత్రం టీ టైమ్ దాకా ఉంటే గొప్ప. సీబీటీలో చెడ్డ ఆలోచన తీసి మంచి ఆలోచన పెట్టరు, ఉన్నదాన్ని పరీక్షకు పెడతారు. ఒక్కోసారి ఆ పరీక్షలో ఆలోచనే నెగ్గుతుంది. ‘నేను నిజంగానే ఏమీ చదవలేదు’ అన్నది నిజమే కావచ్చు. అప్పుడు మాట్లాడాల్సింది మనసు గురించి కాదు, టైమ్‌టేబుల్ గురించి.

మాటల కంటే ముఖ్యమైన భాగం హోమ్‌వర్క్. మొదటివారం పని నవ్వొచ్చేంత చిన్నది: రోజూ పది నిమిషాలు పుస్తకం తెరిచి ఒక సాల్వ్ చేసిన లెక్కను చూసి రాయడం. కడుపులో దేవడం మొదలైతే దానికి పదికి ఎన్ని మార్కులో వేసుకోవడం. మూయకుండా కూర్చోవడం. ఏడుతో మొదలైంది కాసేపటికి ఐదుకీ నాలుగుకీ దిగడాన్ని తన కళ్లతో చూడడమే ఇందులో మందు. ఊరట పుస్తకం మూస్తేనే వస్తుందని నేర్చుకున్న మెదడు, మూయకపోయినా వస్తుందని నేర్చుకోవాలి. ఆ తర్వాత పాత ప్రశ్నపత్రాలు. ఆ తర్వాత గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు. మెట్లు మెట్లుగా.

శ్వాస వ్యాయామాలు, ధ్యానం లాంటివి కూడా నేర్పుతారు. మంచివే. కానీ ఒక్క రిలాక్సేషన్‌తో పరీక్ష భయం పోతుందనుకుంటే నిరాశే మిగులుతుంది. భయానికి చికిత్సతో పాటు చదివే పద్ధతి కూడా నేర్పించినప్పుడు ఫలితం ఇంకా బాగుంటుందని పరిశోధనల్లో కనిపించింది. ఇక్కడ మన అలవాట్లు అడ్డొస్తాయి. రంగు పెన్నులతో గీతలు గీసి నాలుగుసార్లు తిరగేయడాన్ని మనం చదువు అంటాం. పుస్తకం మూసి ఎంత గుర్తుందో రాసి చూసుకుంటే వారం తర్వాత ఎక్కువ మిగులుతుందని రోడిగర్, కార్పికే 2006లోనే చూపించారు. నైట్ అవుట్ల సంగతీ అంతే. పగలు చదివినది జ్ఞాపకంగా గట్టిపడే పని నిద్రలోనే చాలావరకు జరుగుతుంది. రాత్రంతా మేల్కొని పరీక్షకు వెళ్లడమంటే వండిన అన్నాన్ని వార్చకుండా వడ్డించడమే.

నిద్ర గురించి పాఠ్యపుస్తకం చెప్పే సలహా ఒకటుంది: మంచాన్ని నిద్రకే వాడండి, చదువు వేరేచోట. త్రీ షేరింగ్ గదిలో మంచం తప్ప ఇంకేముంది? అదే డైనింగ్ టేబుల్, అదే స్టడీ టేబుల్, అదే సోఫా. మంచి థెరపిస్ట్ ఇక్కడ సలహాను హాస్టల్‌కు తగ్గట్టు కత్తిరిస్తారు. కాలేజీ లైబ్రరీ, హాస్టల్ డాబా, నెల ఫీజు కట్టే రీడింగ్ రూమ్, ఏదో ఒకటి. అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు రీడింగ్ రూముల్లో ఎందుకు కిక్కిరిసి ఉంటారో మన కుర్రాడికి అప్పుడు అర్థమవుతుంది. ఇలా కత్తిరించలేని థెరపిస్ట్‌తో మీకు కుదరకపోతే మార్చుకోవచ్చు. దర్జీని మార్చినట్టే, అందులో మొహమాటం అక్కర్లేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

బోర్డుల మీద పేర్లు గందరగోళంగా ఉంటాయి కాబట్టి ఇది తేల్చుకోవాలి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాసేది ఈయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు, థెరపీ చేస్తారు. వాళ్ల పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో ఉండాలి, నంబర్ అడిగితే చెప్పాలి. కౌన్సెలర్ అన్న మాటకు మాత్రం హద్దులు అంత గట్టిగా లేవు. సైకాలజీలో ఎంఏ, ఎమ్మెస్సీ చేసి పర్యవేక్షణలో పని నేర్చుకున్న మంచి కౌన్సెలర్లున్నారు. రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్‌ను ఫ్రేమ్ కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. ఏం చదివారు, ఎక్కడ పనిచేశారు, ఫీజెంత అని ముందే ఫోన్‌లో అడగండి. చిరాకుపడితే అక్కడికి వెళ్లాల్సిన పని లేదు.

మామూలు పరీక్ష టెన్షన్‌కి మందులతో పనిపడకపోవచ్చు. దిగులు రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఉంటున్నా, ఇష్టమైన క్రికెట్ మీద కూడా మనసు పోకపోయినా, నిద్ర, ఆకలి బాగా దెబ్బతిన్నా, ఎవరికీ వినిపించని మాటలు వినిపిస్తున్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా సైకియాట్రిస్ట్‌కి చూపించుకోవాలి. మానసిక రుగ్మతల్లో దాదాపు నాలుగింట మూడొంతులు 24 ఏళ్లలోపే మొదలవుతాయి, అంటే సరిగ్గా కాలేజీ రోజుల్లోనో, అంతకుముందో. థైరాయిడ్, రక్తహీనత కూడా నీరసంగా, దిగులుగా అనిపించేలా చేస్తాయి గనక డాక్టర్ రక్తపరీక్ష రాస్తే ఆశ్చర్యపోవద్దు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే ‘ఏం తేడా లేదు’ అని ఆపేయకూడదు. రూమ్మేట్ దగ్గరున్న నిద్రమాత్ర తెచ్చుకుని వేసుకోవడం అసలే వద్దు, వాటిలో కొన్ని అలవాటవుతాయి.

డబ్బు సంగతి. ప్రైవేటు థెరపీ నెలకు నాలుగుసార్లంటే హాస్టల్ బిల్లుతో పోటీపడొచ్చు. ఉచితంగా దొరికేదేమిటంటే, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం ఉంది. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు మెట్రోలో కోచింగులకు వెళ్లేవాళ్లు రోజూ ఆ స్టేషన్ దాటే వెళ్తారు. ‘నెక్స్ట్ స్టేషన్ ఎర్రగడ్డ’ అనగానే ఒకడు ఇంకొకణ్ణి మోచేత్తో పొడుస్తాడు. ఆ ఓపీ వరుసలో నిద్రపట్టనివాళ్లు, గాబరా తట్టుకోలేనివాళ్లు, తాగుడు మానాలనుకునేవాళ్లు కూడా నిలబడి ఉంటారని ఆ పొడిచేవాడికి తెలియదు.

‘ఇంట్లో చెప్పేస్తారా, రికార్డులో ఉండిపోతుందా, ప్లేస్‌మెంట్‌లో తెలుస్తుందా’ అన్నది చాలామందిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యం. ప్రాణానికి ముప్పు, కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. పద్దెనిమిది నిండినవాళ్ల విషయంలో తల్లిదండ్రులు అడిగినా ఊరికే చెప్పేయడానికి లేదు. కాలేజీ నియమించిన కౌన్సెలర్ అయితే మాత్రం ఒక ప్రశ్న అదనంగా అడగండి: నా ఫైల్ ఎవరెవరు చూస్తారు? సూటిగా జవాబు రాకపోతే బయటివాళ్ల దగ్గరికి వెళ్లడమే నయం.

థెరపీకి అందనివి

ఇంతదాకా రాశాక ఒకమాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే ఆ టెన్షన్‌ను ఏ సీబీటీ తీర్చలేదు. ఇంగ్లిష్‌లో పాఠం సగమే అర్థమయ్యేవాడికి కావాల్సింది బ్రిడ్జ్ కోర్సు. కులం పేరుతోనో ఊరి యాసతోనో ఎగతాళి చేసే చోట సర్దుకుపోవడం నేర్పడం చికిత్స అనిపించుకోదు. మంచి థెరపిస్ట్ ఈ తేడా పట్టుకుంటారు: ఆలోచనలో ఉన్న ముడి ఏది, పరిస్థితిలో ఉన్న ముడి ఏది. రెండోదానికి అర్జీ, ఫిర్యాదు, సబ్జెక్ట్ చెప్పే సీనియర్, ఒక్కోసారి బ్రాంచ్ మార్పు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, పిల్లలు ప్రాణాలు తీసుకున్నప్పుడు సరిచేయాల్సింది పిల్లల ఆలోచనా విధానాన్నా?

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్ష తప్పడం అనే కారణం కింద నమోదైనవి 2,248. ఇలాంటి కారణాలు పోలీసులు ఒక గడిలో రాసేవి, ఒక మనిషి బాధ ఒక గడిలో పట్టదు. అయినా మార్కుల మెమో ఒక్కటే కథ కాదని అవి చెబుతున్నాయి. ఇంట్లో గొడవలు, డబ్బు, ప్రేమలు, ఒంటరితనం, జబ్బు అన్నీ చదువు అనే చొక్కా తొడుక్కుని వస్తాయి. ‘చదువు టెన్షన్’ అని చెప్పుకోవడం తేలిక కదా.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పిస్తూ విద్యాసంస్థలకు కొన్ని మార్గదర్శకాలు పెట్టింది. వందమంది లేదా అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్ట్‌నో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలి. మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా పెట్టాలి. సెక్షన్లకు ర్యాంకులను బట్టి పేర్లు పెట్టుకునే మన కార్పొరేట్ కాలేజీ సంస్కృతికి ఆ రెండో నియమం ఎంత గట్టిగా తగలాలో అంత గట్టిగా తగిలినట్టు నాకైతే కనిపించడం లేదు. మీ కాలేజీలో ఆ కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో ఉంటారో అడిగి చూడండి. లెక్కల లెక్చరర్‌కే అదనపు డ్యూటీగా ఆ పేరు తగిలించి ఉంటే, అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయన్నమాట.

మిగిలింది ఇంట్లో చెప్పడం. ‘డిప్రెషన్’ అంటే ‘అవన్నీ పెద్దోళ్ల రోగాలు’ అనే జవాబు వచ్చే ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. అలాంటిచోట నిద్రతో మొదలుపెట్టడం తేలిక. అబద్ధమూ కాదు, చదువు టెన్షన్ ఉన్నవాళ్లలో నిద్ర బాగున్నవాళ్లు తక్కువే. మన సూర్యాపేట కుర్రాడు ఫోన్‌లో ‘బాపూ, నెల రోజుల సంది నిద్ర పడ్తలేదు, ఒక డాక్టర్‌కు చూపించుకుంట’ అంటే, అటువైపు కాసేపు చప్పుడుండదు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఎక్కువసార్లు ఇదే: ‘పైసలున్నయా బిడ్డా?’